నాలుగో దెబ్బ తప్పిన గుండె

మధ్యాహ్నం రెండూ పది. ఆబిడ్స్‌లో గుల్‌బాగ్ హోటల్ మేనేజర్ గది ముందు నిలబడి డిటెక్టివ్ ఇంద్రసేన మూడుసార్లు చెయ్యెత్తాడు. మూడుసార్లూ తలుపు తట్టకుండానే దించేశాడు. లోపలున్న మనిషిని దొంగ అన్నది తనే. పొద్దున పదకొండూ ఇరవై ఐదుకి, రెండు వందల మంది డాక్టర్ల ముందు, వేలెత్తి చూపించి మరీ అన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా? "సినిమా మంచిగ నడిపిచ్చినవ్ రూఫస్, ఇగ ఇంటర్వెల్ జైల్ల!" అని ఒక జోకు కూడా తగిలించాడు. సభంతా గొల్లుమంది. ఆ నవ్వుకి అప్పుడు ఛాతీ పొంగింది. ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలిపోతున్నాయి.

జరిగిందేమిటంటే, 1971 ఫిబ్రవరిలో ఆ హోటల్లో పల్మనరీ హైపర్‌టెన్షన్ మీద రెండు రోజుల పరిశోధన సదస్సు పెట్టారు. గుండె నుంచి ఊపిరితిత్తులకి పోయే రక్తనాళంలో ఒత్తిడి పెరిగి మనిషిని మింగేసే జబ్బది. డాక్టర్ అనసూయ పదకొండు మంది ఆడవాళ్ళ కేసులు చదవాలి. పదకొండు మందీ ఒళ్ళు తగ్గడానికి 'తనులత' బిళ్ళలు మింగినవాళ్ళే. నలుగురు చనిపోయారు కూడా. పరాయి దేశాల్లో ఆపేసిన మందుని ఇక్కడ కొత్త పేరుతో అమ్ముతున్నారని ఆమె చెప్పబోతోంది. ఆమె మైకులో "మొదటి కేసు, ఒత్తిడి ఎనభై ఎనిమిది" అంది. వెనక తెర మీద పడ్డ గీతల పటం ఇరవై రెండు చూపించింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఉండేది అంతే. రెండో కేసూ అంతే, పదకొండో కేసూ అంతే. పాపం, ఆవిడ కాగితాలూ తెరా మార్చి మార్చి చూసుకోవడం వెనక వరసలో కూర్చున్న ఇంద్రసేనకి కూడా కనిపించింది.

స్లైడ్లు ఎవరో మార్చేశారు. ఆ పేపరు చదవొద్దని వారం కిందటే ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందని, సదస్సు కార్యదర్శి డాక్టర్ విద్యాసాగర్ ముందుగానే ఇంద్రసేనని కాపలా పెట్టుకున్నాడు. "మీ గురించి నాకొకరు చెప్పిన్రు" అన్నాడాయన. ఎవరు చెప్పారని ఇంద్రసేన అడగలేదు. పొగడ్త వింటే ప్రశ్న మరిచిపోవడం అతనికి అలవాటు. స్లైడ్లు మారాయనగానే చకచకా ప్రొజెక్టరు గదిలోకి వెళ్ళాడు, ప్రొజెక్టరు నడిపే రూఫస్ జేబులు వెతికాడు, తనులత ఖాళీ ప్యాకెట్టు దొరికింది. ఇంకేం, కంపెనీ మనిషి! కేసు మూడు నిమిషాల్లో తేలిపోయింది.

భోజనాల దగ్గర డాక్టర్ అనసూయ వచ్చి ఒక్క మాటే అడిగింది. "ఆ ప్యాకెట్టు ఎవరిదో అతన్ని అడిగారా?"

అడగలేదు. తినేది అక్కడే వదిలేసి లేచొచ్చాడు.

నాలుగోసారి చెయ్యెత్తి, ఈసారి తలుపు తట్టాడు.

"రావయ్యా డిటెక్టివ్ సాబ్! ఇంకేమన్న జోకు యాదికొచ్చిందా?" అన్నాడు లోపల్నించి ఇన్‌స్పెక్టర్ వెంకటేశం. ఇద్దరికీ మూడేళ్ళుగా పడదు. ఒక కేసులో ఇంద్రసేన పత్రికల వాళ్ళ ముందు ఇతగాణ్ణి నవ్వులపాలు చేశాడు. అదీ ఆ నోటి పుణ్యమే.

"ఈయనతోని జర పది నిమిషాలు మాట్లాడాలె."

"ఇంకేం మాట్లాడ్తవ్? పొద్దుగాల మాట్లాడినవ్ గద, మైకు లేకుండనే ఆబిడ్స్ అంత ఇనవడేటట్టు." వెంకటేశం బల్ల మీది కాగితం ముందుకి తోశాడు. "ఐదు గంటలకు ఠాణాకు తీస్కపోత. రాసుడు గూడ అయిపోయింది. కింద సాక్షి పేరు చదువుకో. నీదే!"

ఇంద్రసేన చదువుకున్నాడు. తన సంతకం అంత పొగరుగా ఉంటుందని అతనికి అదివరకు తెలియదు.

"తప్పు జేసిన్నేమో వెంకటేశం. అడగనియ్యి."

ఇన్‌స్పెక్టర్ కనుబొమ్మలు పైకి లేచాయి. ఇంద్రసేన నోట ఆ మాట వినడం అతనికి అదే మొదలు. "అడుగు. కని నేను గీడనే ఉంట. ఐదింటి దాక నీ ఎంబడే ఉంట, ఇంకో అమాయకుణ్ణి పట్టుకోకుండ."

గదిలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా రూఫస్ గోడ పక్కన నిలబడే ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మెదక్ దగ్గర మిషన్ బడిలో సైన్సు మాస్టారు. ప్రొజెక్టరు బాగా నడుపుతాడని సదస్సు వాళ్ళు రెండు రోజులకి ఒప్పుకున్నారు.

"రూఫస్ గారూ, కూసోండి."

"పొద్దుగాల ఏయ్ అన్నరు సార్," అన్నాడు రూఫస్. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడంతే.

ఇంద్రసేన నేల చూశాడు. "స్లైడ్ల డబ్బా మీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిదీ నలభైకి డాక్టరమ్మ ఇచ్చింది. పదకొండు స్లైడ్లు దీపం ముంగట వెట్టి చూసిన. అన్నీ సరిగ్గనే ఉండె."

"తర్వాత గది ఇడిచి పోయిన్రా?"

"పదీ యాభై రెండుకు. మైకు గుయ్యిమంటుంది, కిందికి రమ్మని కమిటీ నుంచి కబురొచ్చింది. తాళమేసి పోయిన. మైకు మంచిగనే ఉండె. పదకొండూ నాలుగుకు మర్లొచ్చిన."

"పన్నెండు నిమిషాలు. ఇంకో తాళంచెవి?"

"కమిటీ ఆఫీసుల మేకుకు ఉంటది. ఏడుగురు డాక్టర్లు వస్తుంటరు, పోతుంటరు."

"ఈ ముచ్చట పొద్దుగాల్నే ఎందుకు చెప్పలే?"

"చెప్పిన సార్. అప్పటికే అందరు నవ్వుతున్రు. మీకు ఇనవడలే."

వెంకటేశం గొంతు సవరించుకున్నాడు. ఇంద్రసేన అసలు ప్రశ్నకి వచ్చాడు. "ఆ ఖాళీ ప్యాకెట్టు?"

రూఫస్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. "పేషెంట్ల పేర్లు నలుగుర్ల చెప్పనని డాక్టరమ్మకు మాటిచ్చిన" అన్నాడు.

"నేనెవరికీ చెప్ప."

"మీరా సార్?"

ఇంద్రసేన వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. జాలిపడ్డాడో ఏమో, రూఫస్ తనే చెప్పాడు.

"ఏడో నంబరు మా బెత్సీ. నా భార్య. పోయిన ఆగస్టుల పోయింది. అది ఆమె మింగిన ఆఖరి ప్యాకెట్టు. పారెయ్య బుద్ధిగాక జేబుల వెట్టుకొని తిరుగుతున్న. ఆమె గుండె గీత నా చేతులతోని పెద్ద డాక్టర్లకు చూపియ్యాలె, ఇంకో ఆడిమనిషి ఆ బిళ్ళలు మింగొద్దు అని నేనే అడుక్కొని ఈ పనికొచ్చిన. తీరా తెర మీద వడ్డది ఆమె గీత కాదు. ఏం జరిగిందో సమజ్ గాక నిలవడ్డ. గంతల్నే మీరొచ్చిన్రు."

ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు తిరిగాడు. ఇంద్రసేనకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెళ్ళాం పోయిన మనిషిని, ఆమె ప్యాకెట్టే సాక్ష్యంగా చూపించి రెండు వందల మంది చేత నవ్వించాడు. ఛీ, తనదీ ఒక బతుకేనా?

"నాలుగు గంటలకు ఆఖరి సభ," అన్నాడు రూఫస్. "స్లైడ్లు దొరక్కుంటే డాక్టరమ్మ పేపరు కొట్టేస్తరట. నేను ఠాణాకు పోయినా ఫికర్ లేదు. బడోళ్ళు తీసేస్తరు, చర్చిల తలకాయ ఎత్తలేను, ఎట్లనో బతుకుత. ఆ పేపరు చదివించుండ్రి సార్."

గడియారం రెండూ ముప్పై అయిదు చూపిస్తోంది.

ప్రొజెక్టరు గది మేడ మీద ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్ల మీద ఉండాల్సిందే. వెంకటేశం మెట్ల మీదే నిలబడ్డాడు. తాళం మీద గీతల్లేవు, తలుపు సందులో చీలిక లేదు. దొంగ తాళంచెవితోనే తెరిచి, దాంతోనే మూసి వెళ్ళాడు. మార్చి పెట్టిన స్లైడ్ల అట్టలు చూస్తే అవీ నాంపల్లిలో బాలకిషన్ స్టూడియోవే. సదస్సులో సగం మంది స్లైడ్లు అక్కడే చేయించారు కాబట్టి దాంతో ఏమీ తేలదు.

డాక్టర్ అనసూయ వచ్చి మారిన స్లైడ్లని ఒక్కొక్కటే ఖాళీ హాలు తెర మీద వేసి చూపించింది. "మోచేతి దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపి ఈ గీత తీస్తాం. ప్రతి పోటూ ఒక దెబ్బ. ఎత్తు ఎంతుంటే ఒత్తిడి అంత."

ఇంద్రసేనకి లెక్కలు రావు గాని తాళం వచ్చు. చిన్నప్పుడు బేగం బజార్ భజన మండలిలో తాళాలు వాయించిన చెయ్యది. అతనికి తెలియకుండానే వేళ్ళు బల్ల మీద ఆ గీతని వాయించడం మొదలెట్టాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగోది రావాల్సిన చోట ఉండీ లేనట్టు చిన్న బొడిపె, ఆపైన ఖాళీ. మళ్ళీ ఒకటి, రెండు, మూడు, ఖాళీ. రెండో స్లైడూ అంతే. మూడోదీ అంతే. పదకొండో దానికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"డాక్టరమ్మా! పదకొండు మంది గుండెలు ఒక్కతీరుగ నాలుగో దెబ్బ దగ్గరే తప్పుతయా?"

ఆవిడ మెట్లు దిగి తెర దగ్గరికి పరుగెత్తింది, వెనకే వీళ్ళిద్దరూ. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి చూసింది. "అయ్యో, నేనెందుకు చూడలేదు? ఎత్తు చూశాను గాని వరస చూడలేదు. ఇది ఒక్క మనిషి గీతే! ఒకటే పొడుగు కాగితాన్ని పదకొండు ముక్కలు చేశారు."

"ఆ ఒక్క మనిషి ఎవరు?"

"జబ్బు లేనివాడు. అదే విచిత్రం. ఒంట్లో బాగున్నవాళ్ళ గుండెలోకి ఎవరైనా గొట్టం పెడతారా? ఇలాంటి మామూలు గీతలు ఊళ్ళో మొత్తం మూడే ఉన్నాయి. అయిదేళ్ళ కిందట మెషీను కొత్తగా వచ్చినప్పుడు సరిగ్గా చూపిస్తోందో లేదో అని మా ఆస్పత్రి డాక్టర్లే ముగ్గురు బల్లమీద పడుకున్నారు. నేనింకా చేరలేదు. పేర్లు రాయలేదు, ఒకటి, రెండు, మూడు అని రాశారు."

"గిట్ల దెబ్బ తప్పుడు అయిదేండ్లయినా పోదా?"

"కొందరికి జీవితమంతా ఉంటుంది. హాని ఏమీ లేదు. మణికట్టు పట్టుకుంటే తెలిసిపోతుంది."

మూడు గంటలు. ఇక చెయ్యాల్సింది కమిటీలో ఉన్న ఏడుగురి నాడీ పట్టుకోవడమే. డాక్టర్లని అలా అడగాలంటే కార్యదర్శి అనుమతి కావాలి.

ఇంద్రసేన, వెంకటేశం వెళ్ళేసరికి డాక్టర్ విద్యాసాగర్ కమిటీ ఆఫీసులో ఒంటరిగా ఉన్నాడు. తలుపు పక్కన మేకుకి తాళంచెవి వేలాడుతోంది. ఇంద్రసేన సంగతి చెప్పాడు. "అందరు పెద్దోళ్ళు, నామోషీ అంటరు. ముందుగాల మీ నాడి చూసినమంటే ఇంకెవరూ కాదనరు డాక్టర్ సాబ్." నిజంగా అంతే అనుకున్నాడు. ఇంకే ఉద్దేశమూ లేదు.

విద్యాసాగర్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఇంద్రసేన ఆ జేబుల వైపే చూశాడు. తనకి పని ఇచ్చినవాడు, తనని మెచ్చుకున్నవాడు!

"ఏంది సాబ్, చేతులకు సలి వెట్టిందా?" వెంకటేశం రెండంగల్లో వెళ్ళి ఆయన కుడి మణికట్టు బయటికి లాగాడు. పోలీసు చెయ్యి, మర్యాద తెలియని చెయ్యి. "ఒకటి... రెండు... మూడు... అరె!" మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ "అరె!" అన్నాడు. మూడోసారి లెక్కపెట్టాక ఇంద్రసేన వైపు చూసి తలాడించాడు. ఈసారి ఎకసెక్కం లేదు.

విద్యాసాగర్ కుర్చీలో కూలబడ్డాడు. సొరుగు లాగి స్లైడ్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "పారెయ్యలేకపోయిన. అందుల మనుషులున్నరు గద."

"ఉత్తరం గూడ మీరే రాసిన్రా?"

"ఔ. ఎవడో బయటోని పనిలెక్క కనవడాలని."

"కంపెనీ ఏమన్న ఇచ్చిందా?" అన్నాడు వెంకటేశం.

"ఏం ఇయ్యలే. నేనే నమ్మిన. ప్యాకెట్ల ఉండే కాయిదం మీద నా పేరు చూడుండ్రి, మంచి మందని రాసిచ్చింది నేనే. నా దగ్గరికొచ్చిన ఆడోళ్ళకు నా చేత్తోనే ఇచ్చిన. అనసూయ పంపిన పేపరు నేను చదివిన రాత్రి నిద్ర పట్టలే. ఆ పదకొండు మందిల ముగ్గురు నా పేషెంట్లే." ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "రేపు వాళ్ళ ఇండ్లల్ల నా మొఖం ఎట్ల చూపియ్యాలె? గీ ఒక్క సభ గడిస్తే చాలు, చప్పుడు గాకుండ అందరితోని బిళ్ళలు మాన్పిస్త అనుకున్న."

"మరి రూఫస్?"

"మీరు ఎవరినో ఒకరిని తొందరగ పట్టుకుంటరని తెలుసు. అందుకే మిమ్మల్ని వెట్టుకున్న. మీరు సరిగ్గ ఇనకముందే తేల్చేస్తరని చెప్పిన్రు."

ఇంద్రసేనకి చెంప మీద కొట్టినట్టయింది. తన తెలివి చూసి కాదు, తన తొందర చూసి పిలిచారు. సరిగ్గా ఆయన అనుకున్నట్టే చేశాడు.

విద్యాసాగర్ కోటు లోపలి జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. "తనులత రాసిచ్చిన పేర్లు. నలభై ముగ్గురు. ఇంద్రసేన గారూ, ఇది ముందుగాల మీరు చూడాలె, ఆఖరు పేజీల..."

"నాకేం చెప్పకుండ్రి!" ఇంద్రసేన పుస్తకం లాక్కుని జేబులో వేసుకుని, స్లైడ్ల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పేదుంటే పోలీసులకు చెప్పుండ్రి. ఇంతకన్న వినను నేను."

"జర ఇనుండ్రి, మీ..."

తలుపు ధడాలున మూసుకుంది. మూడూ నలభై అయిదు.

నాలుగు గంటలకి సభ నిండింది. ఇంద్రసేన మైకు దగ్గరికి నడిచాడు. విదేశాల డాక్టర్ల కోసం అనసూయ పక్కన నిలబడి ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పింది.

"పొద్దుగాల రూఫస్ గారిని మీ అందరి ముంగట బద్నాం చేసిన. ఆయన తప్పు ఏం లేదు. తప్పంత నాది. అడగకుండనే అన్న, అని నవ్విచ్చిన. అందుకే మాఫీ గూడ నలుగుర్లనే అడుగుతున్న. రూఫస్ గారూ, మాఫ్ చెయ్యుండ్రి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. విద్యాసాగర్ గది ముందు కానిస్టేబుల్ని కాపలా పెట్టి వచ్చిన వెంకటేశం, సాక్షి కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి జేబులో వేసుకున్నాడు. మేడ మీద చిన్న కిటికీలోంచి రూఫస్ గొంతు వినిపించింది. "లైట్లు ఆర్పుండ్రి." మాఫ్ చేశాడో లేదో చెప్పలేదు. చెప్పాలని ఏముంది?

ఇంద్రసేన ప్రొజెక్టరు గదికి ఎక్కి రూఫస్ పక్కన నిలబడ్డాడు. ఎనభై ఎనిమిది. తొంభై. ఎనభై నాలుగు. ఒక్కో గీత తెర మీదికి ఎక్కుతుంటే హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ఏడో స్లైడు దగ్గర రూఫస్ చెయ్యి కాసేపు ఆగింది. ఇంద్రసేన తల వంచుకున్నాడు.

కింద అనసూయ చెబుతోంది. మధ్యలో ముందు వరసలో ఎవరో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిచ్చింది. "మొదట కనిపించేది ఆయాసం. అదీ మెట్లెక్కితేనే. ఇంట్లో వాళ్ళు బద్ధకం అనుకుంటారు. మొగుళ్ళు ఎగతాళి చేస్తారు. తర్వాత ఒకరోజు మెట్ల మీదే కళ్ళు తిరిగి పడిపోతారు. చనిపోయిన నలుగురిలో ఇద్దరు అలాగే పోయారు."

మెట్లు.

ఇంద్రసేనకి పొద్దున ఏడున్నర గుర్తొచ్చింది. నాంపల్లి స్టేషను వెనక తమ ఇల్లు రెండో అంతస్తు. కూరగాయల సంచీతో వస్తూ భార్య సౌభాగ్య మెట్ల మధ్యలో కూలబడింది. కింది వాటా కిష్టవ్వ, పక్క వాటా వాళ్ళు అందరూ ఉన్నారు. "ఏందే, అప్పుడే ముసల్దానివైనవా? దినాం పదిసార్లు ఎక్కి దిగు, ఒళ్ళు గదే కరుగుతది!" అన్నాడు తను. అందరూ నవ్వారు. సౌభాగ్య కూడా నవ్వింది. సంక్రాంతికి ముందు నుంచి ఆమెని చూసి నలుగుర్లో అలాంటివి ఎన్ని అన్నాడో లెక్కలేదు.

ఆఖరు పేజీ.

జేబులోంచి నోటుబుక్కు లాగాడు. ప్రొజెక్టరు పక్క సందులోంచి పడే వెలుతురులో పట్టుకుని తిప్పాడు. నలభై ముగ్గురిలో ఆఖరి పేరు, విద్యాసాగర్ గుండ్రటి చేతిరాత. సౌభాగ్య, ముప్పై ఆరేళ్ళు, నాంపల్లి. కింద ఇంకో లైను: 'భర్త డిటెక్టివ్ ఇంద్రసేన. ఆయనకు చెప్పొద్దంది, నవ్వుతాడట.'

విద్యాసాగర్‌తో తన గురించి చెప్పింది ఎవరో ఇప్పుడు తెలిసింది. పొద్దుటి నుంచి ఆమె ఎన్నిసార్లు ఎక్కి దిగిందో.

రూఫస్ ఆ పేజీ చదివాడు. ఇంద్రసేన ముఖం చూశాడు. ఏడో స్లైడుని తెర మీద అలాగే ఉంచి మెల్లగా అడిగాడు.

"మీ ఇంట్ల మెట్లున్నయా సార్?"

"ముప్పై రెండు."

"ఆమెను ఎక్కనియ్యకుండ్రి," అన్నాడు రూఫస్, తలుపు తెరిచి పట్టుకుని. "ఉర్కుండ్రి సార్. డాక్టరమ్మను నేను తోల్కొస్త."